మంచులోయలో బండి బేరము

మన దేశమున ఆషాఢ శ్రావణములనగా కాలువలు నిండి, నాట్లు సాగి, మంగళవారపు నోములతో ఇండ్లు కళకళలాడు దినములు. నేనుండు చోట ఆ రెండును మంచుమాసములు. భూగోళపు దక్షిణార్ధమున ఋతువులు తారుమారు గదా! ఇచట సంక్రాంతికి ఎండలు మండును. ఉగాదికి ఆకులు పండి రాలును. వరలక్ష్మీవ్రతమునాడు తోరము కట్టుకొనుటకు చేతి ఉన్నితొడుగు తీయవలెనన్న మనసొప్పదు.

ఈ సీమ పేరు మధ్య ఒటాగో. న్యూజీలాండు దక్షిణ ద్వీపమున, సముద్రమునకు దూరముగా, కొండల నడుమ నున్నది. మావారు అలెగ్జాండ్రా అను పట్టణమున నొక పాఠశాలలో గణితోపాధ్యాయులు. పట్టణమున అద్దెలు మా జీతమునకు మించినవగుటచే, 27 కిలోమీటర్ల యెగువన, మనుహెరికియా నదీలోయలో, ఒమకావు అను చిన్న యూరి చెంత కాపురము పెట్టితిమి. న్యూజీలాండనగానే పచ్చని బయళ్లు మనసున మెదలును. మా సీమ అట్టిది కాదు. అలెగ్జాండ్రాలో ఏడాదికి కురియు వాన సుమారు 350 మిల్లీమీటర్లు; కరువుసీమ యని మనమనుకొను అనంతపురమున సైతము ఇంతకంటె ఎక్కువ కురియును. కొండలు బోడివి, గోధుమవన్నెవి. వాని మీద పలకలు పలకలుగా పేర్చినట్లున్న రాళ్లు తలలెత్తి నిలుచును. వేసవిలో ఆ రాళ్ల నడుమ అడవి వాము జాతి మొక్క యొకటి ఊదాపూవులు పూచి గాలికెల్ల వాసన పట్టించును. ఏటి యొడ్డులందు ఆప్రికాటు, చెర్రీ తోటలు. మిగిలినదంతయు గొఱ్ఱెల మేత.

మా యూరికి నది యావలి యొడ్డున ఓఫిర్ అను గ్రామము కలదు. 1860 దశకమున బంగారము కొఱకు వచ్చినవారు నెలకొల్పినది. తొలుత దానిని బ్లాక్స్ అనెడివారు. 1875లో బైబిలునందలి స్వర్ణభూమి పేరు దానికి పెట్టిరి. పేరు మార్చినంత మాత్రమున బంగారము నిలుచునా? 1904లో రైలు ఒమకావు ప్రక్కకు రాగా ఊరి సందడియు ఇటే వచ్చినది. నేడు ఆ రైలును లేదు. ఓఫిర్‌లో 1880 నాటి వ్రేలాడు వంతెనయు, 1886 నాటి రాతి తపాలా కార్యాలయమును నిలిచియున్నవి. ఆ చిన్న గ్రామముననే 1995 జూలై 3వ తేదీన శీతము సున్నకు దిగువన 21.6 డిగ్రీలకు పోయినది. అంతటి చలి ప్రతియేట రాదు. కాని సున్నకు దిగువన ఐదారు డిగ్రీలు మాకు శీతకాలపు ప్రతి వేకువజామునను వచ్చు చుట్టమే.

ఇక దారి. మా యింటినుండి పెద్దదారికి ఆరువందల గజముల కంకరబాట, అదియు ఎత్తుపల్లము. అచటినుండి 85వ సంఖ్య రాజమార్గము టైగర్ హిల్ అను కొండను దాటి, చాటో క్రీకు అను వాగు మీదుగా అలెగ్జాండ్రాకు పోవును. ఈ దారిలో అపాయకరమైనది తెల్లని మంచు కాదు. తెల్లనిది కంటికి కనబడును. తారు మీద అద్దపు పొరవలె పేరుకొను నీటిగడ్డను ఇచటివారు నల్లమంచు అందురు. క్రింది తారు దానిగుండ కనబడుటచే బాట తడిసినదనియే తోచును. ఎండ తగిలిన మలుపు పొడిగా నుండును. కొండనీడ పడిన తరువాతి మలుపు గాజుబాట. మరల నూరు గజములకు పొడి. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెను. మా బేరమంతయు దీని చుట్టునే తిరిగినది.

ఈ దారిన వారమునకైదు దినములు నలుగురము పోవుదుము. తోలునది నేను. మావారు ప్రక్కన కూర్చుండి విద్యార్థుల పుస్తకములు దిద్దుకొందురు. వెనుక మా పెద్దది, పదునొకండేండ్లది, చిన్నవాడు, నాలుగేండ్లవాడు. మేము తొలుత కొన్న చిన్న బండి రెండు చక్రముల బలముతో నడచునది. మా కంకరబాట మీద గడ్డకట్టిన ఉదయములందు ఎక్కలేక వెనుకకు జారెడిది. దాని ఆయుర్దాయమును తీరవచ్చినది. పొరుగువారందఱును ఒక్కమాటయే చెప్పిరి: ఫోర్ వీల్ డ్రైవు కొనుడు అని. అనగా ఇంజను బలము నాలుగు చక్రములకును అందు బండి.

ఆ సలహా చెప్పినవారిలో మా పొరుగు రైతొకడు. గడచిన యేటి ఆషాఢమున అతని పెద్ద ఫోర్ వీల్ డ్రైవు బండియే కొండనీడలో దారి తప్పి మురుగుకాలువలో పడినది. ముంజేయి విరుగుటతో గండము గడచినది. "నాలుగు చక్రములును కలిసియే జారెను" అని అతడే నవ్వుచు చెప్పెను. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ఆ మాటయే త్రిప్పి త్రిప్పి యాలోచించితిని. నాలుగు చక్రములకు బలమందుట బండిని కదల్చుటకు, ఎక్కించుటకు సాయము. ఆపుటకు సాయము కాదు. ఆపు బ్రేకులు ఎంతటి పేద బండికైనను నాలుగు చక్రములకు ఉన్నవే. నల్లమంచు మీద మనుష్యుల ప్రాణములు పోవునది ఎక్కలేక కాదు, ఆగలేక, మలుపున నిలువలేక. కావున మాకు కావలసినది కంకరబాట ఎక్కు బండి మాత్రమే కాదు. నీడమలుపున పిల్లలను దారిమీద నిలుపు బండి. కూడబెట్టినది 9,000 డాలర్లు. క్రొత్తదాని మాట తలపెట్టుటకు లేదు.

పాతవన్న ఇచట జపాను బండ్లే. మన దేశమున పాత విదేశపు బండిని తెప్పించుకొనుట పన్నులచేతను నిబంధనలచేతను సామాన్య కుటుంబమునకు అందని పని. ఈ దేశమున అది ఉప్పు పప్పు కొన్నంత వాడుక. జపానువారును మనవలెనే దారికి ఎడమవైపున నడుతురు. స్టీరింగు కుడివైపున నుండును. ఆ దేశమున క్రొత్తబండికి మూడేండ్లకును, పిదప రెండేండ్లకొకమాఱును షాకెన్ అను కఠినమైన తనిఖీ యున్నది. దాని వ్యయము పడుటకంటె బండి మార్చుటయే మేలనుకొనువారు పెక్కురగుటచే, ఇంకను చేవ గల బండ్లు వేలమునకు వచ్చును. 1980 దశకము చివర న్యూజీలాండు ప్రభుత్వము దిగుమతి కట్టుబాట్లను సడలించినది. 1998లో కార్ల సుంకమునే ఎత్తివేసినది. ఆ యేటనే ఇచట కార్లు కూర్చు కర్మాగారములు మూతపడినవి. నాటినుండి ఓడలకు ఓడలు నిండి పాతబండ్లు దిగుచున్నవి. దిగుటకు ముందు వానిలో పురుగుపుట్ర యున్నదేమో యని చూతురు. 2018 ఫిబ్రవరిలో జపాను ఓడలందు కంపుపురుగులు కనబడగా బండ్లను దింపనీయక ఓడలనే త్రిప్పి పంపిరి. పండ్లతోటల దేశము గదా, ఆ జాగ్రత్త నాకు నచ్చినది.

టయోటావారి ప్రాడో, హైలక్స్ సర్ఫ్, మిత్సుబిషివారి పజేరో, డెలికా, నిస్సానువారి ఎక్స్‌ట్రెయిల్, సుబారువారి ఫారెస్టరు: ఈ పేర్లు మా లోయలో పసిపిల్లలకును కంఠపాఠము. నేను చూచిన మూడు బండ్ల పేర్లు మాత్రము చెప్పను. పదునైదేండ్లు నడచిన బండి గుణము పేరుమీద గాక, ఏలినవారి మీద ఆధారపడియుండును. ఒక బండి లోపము చెప్పి ఆ కులమునకంతటికి అంటగట్టుట న్యాయము కాదు.

నలోపాఖ్యానము మనకు తెలిసిన కథయే. శ్రీనాథుని నైషధము నలదమయంతుల సౌఖ్యముతోనే ముగియును గాన, బాహుకుని ఘట్టమునకు నన్నయగారి అరణ్యపర్వమును ఆశ్రయింపవలెను. ఋతుపర్ణమహారాజు ఒక్క దినమున విదర్భకు పోవలెనన్నప్పుడు, బాహుకుడు శాలలోని బలిసిన గుఱ్ఱములను విడిచి చిక్కిన గుఱ్ఱములను ఏరెను. రాజునకు కోపము వచ్చెను. బాహుకుడు కండ చూడలేదు, లక్షణములు చూచినాడు. మా నాయనగారు నాకు భారతము చెప్పిన దినములలో ఈ ఘట్టముకడ ఆగి, "సుళ్లు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పు" అని అడిగెడివారు. బండి లక్షణములు నేర్చుకొనుటకు నాకు రెండు నెలలు పట్టినది.

మొదటిది నల్లనిది. క్రోమ్వెల్ పట్టణమున నొక వర్తకుని ఆవరణలో నిలిచియుండెను. 2001వ సంవత్సరపుది. ఏనుగు వలె నున్నది. ముందు ఇనుప దూలము, వెనుక నిచ్చెన, భుజమెత్తు చక్రములు. మా చిన్నవాడు చూచినదే తడవుగా దానిని కౌగిలించుకొనెను. కొండనైనను ఎక్కునని వర్తకుడు నాలుగు మాఱులు చెప్పెను. మేము కొండ ఎక్కువారము కాము, బడికి పోవువారము.

"ఏమండీ, దీనికి నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయా, మీట వేస్తేనేనా?" అని అడిగితిని.

"మీట వేస్తేనేనట. మంచున్నప్పుడు వేసుకుంటే సరిపోతుందిగా."

"ఎండలో పొడి, నీడలో మంచు. బడికి చేరేలోపల ఎన్నిసార్లు వేస్తాం, ఎన్నిసార్లు తీస్తాం?"

గణితోపాధ్యాయులు మనసున మలుపులు లెక్కించి ఊరకుండిరి.

దీనిని కొంత విప్పి చెప్పవలెను. కోలాటమున రెండు వలయములుగా తిరుగునపుడు వెలి వలయమువారు ఎక్కువ నేల నడువవలెను గదా! బండి మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుకటివానికంటె పెద్ద వలయమున పోవును. మీట వేసినంతనే ముందు వెనుకల ఇరుసులు రెండును ఒకే వేగమున తిరుగునట్లు కట్టుబడును. బురదలోనైనను మంచులోనైనను చక్రము కొంచెము జారి ఆ భేదమును సర్దుకొనును. పొడితారు మీద జారుటకు వీలుండదు. లోపలి పండ్లచక్రములు బిగిసికొని, స్టీరింగు మొరాయించి, కాలక్రమమున యంత్రమునకే చేటు. రోజంతయు బురదలో పనిచేయు రైతునకు ఈ యేర్పాటు దివ్యమైనది. గజగజమునకు పొడియు మంచును మారు మా దారికి, ఎల్లప్పుడును నాలుగు చక్రములు లాగుచు, మలుపున ముందు వెనుకల భేదమును తానే సర్దుకొను రకమే తగును. అట్టి రకమును కలదు.

రెండవ లక్షణము ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. పేరు పెద్దది, పని సులభముగా చెప్పవచ్చును. బండి అడ్డముగా జారబోవునపుడు తానే గ్రహించి, అవసరమైన చక్రమునకు మాత్రము బ్రేకు వేసి దారికి తెచ్చు ఏర్పాటిది. ఈ జాతి పాతబండ్లు దేశములో దిగవలెనన్న ఇది యుండి తీరవలెనని 2016 మార్చి 1 నుండి నిబంధన వచ్చినది. అంతకుముందే దిగిన బండ్లకు ఆ కట్టడి లేదు. నల్లనిది 2008లో దిగినది. దానికి ఆ యేర్పాటు లేదు. వెనుక నడిమి సీటునకు నడుముపట్టీయే గాని భుజపుపట్టీ లేదు. ఏడవయేడు నిండువరకు పిల్లలను తగిన ఆసనమున కట్టియే కూర్చుండబెట్టవలెనని ఇచటి చట్టము. ఆ ఆసనము ముందుకు తూలకుండ పై పట్టీని తగిలించు కొక్కెము జపాను పాతబండ్లు పెక్కింటికి ఉండదు. వేఱుగ వేయించి పరీక్షింపించుకొనవలెను. డీజిలు బండి గనుక నడచిన దూరమునకు పన్ను వేఱు. ఇటీవలి సంవత్సరములలో వేయి కిలోమీటర్లకు 76 డాలర్లు. ఇన్ని చెప్పినను చిన్నవాని యేడుపు ఆగలేదు. వర్తకుడు వానికొక మిఠాయి యిచ్చెను, మంచివాడే.

రెండవది తెల్లనిది, సముద్రతీరమున డునెడిన్ నగరమున. మేము నెలకొకమాఱు బియ్యము, పప్పులు, చింతపండు కొఱకు అలెగ్జాండ్రా నుండి సుమారు 190 కిలోమీటర్లు ఆ నగరమునకు పోవుదుము. రాక్స్‌బరో, లారెన్సు పట్టణముల మీదుగా దారి. 1861లో బంగారము దొరకి ఈ రాష్ట్రమునకు జనము వెల్లువెత్తినది లారెన్సు చెంతనే. ఆ తెల్లని బండి లోపల క్రొత్తపెండ్లికూతురి పెట్టెవలె నుండెను. సీటుమీద మరక లేదు. అమ్ముచున్న ఇల్లాలు జపాను వేలపుచీటిని సైతము దాచియుంచి చూపినది. అది చదువతగిన పత్రము. బండి బొమ్మ గీసి, గీత పడినచోట ఏ, సొట్ట పడినచోట యు, త్రుప్పునకు ఎస్, తినివేసిన త్రుప్పునకు సి అని గుర్తులు వేయుదురు. ఆ చీటిలో బండి పైభాగమున ఒక్క గీతయే. క్రింద నొకమూల ఎస్, సి అను రెండక్షరములు. బండి హొక్కైడో ద్వీపమునుండి వచ్చినది. అచట శీతకాలమున మంచు కరగుటకు బాటలమీద ఉప్పు చల్లుదురు. మా యొటాగో బాటలమీద ఎక్కువగా చల్లునది ఉప్పు కాదు, ఇనుమునకు అంత హాని చేయని వేఱొక లవణము.

నేను బండిని మెకానిక్కు కడకు కొనిపోదమంటిని. ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకొనలేదు. యంత్రముతో పైకెత్తగా క్రిందనుండి చూచితిమి. ఇనుపపెనము త్రుప్పుపట్టినచో చింతపండు పెట్టి తోమిన పోవును. అడుగు పలుచనై చిల్లిపడ మొదలిడిన పెనమును ఎంత తోమినను అట్టు రాదు. అతడు స్క్రూడ్రైవరు పిడితో అక్కడక్కడ తట్టెను. ఒకచోట ఖణేలుమన్నది, మఱియొకచోట అట్టముక్కను తట్టినట్లు బొదబొదలాడినది. ఆ మెత్తనిచోటు సీటుబెల్టు బిగించు స్థానమునకు జానెడు దూరము. తనిఖీకి కొనిరాగల మెకానిక్కునకు ఆ యొక్క పరీక్షకై యిచ్చినది 180 డాలర్లు. ఆ యేడు నేను పెట్టిన ఖర్చులలో ఇంత మంచి ఖర్చు వేఱొకటి లేదు. నాలుగు టైర్లును నాలుగు విధములైనవని గూడ అతడే చూపెను. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 2318 అన్నచో 2018లో ఇరువదిమూడవ వారమున చేసినదని అర్థము. రబ్బరు వయసు మీరినచో అరుగకున్నను గట్టిపడి మంచుమీద పట్టు చాలదు. ఎల్లప్పుడు నాలుగు చక్రములు లాగు బండికి నాలుగు టైర్లును ఒక తీరున అరిగియుండవలెను. లేనిచో లోపలి యంత్రము వృథాగా నలుగును.

ఇచట ఒక యింటిమాట. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు; ఏటేట మూడు మాసములు మాకడ నుందురు. తొమ్మిదిగజముల చీరతో నల్లనిబండి వంటి దానిని ఎక్కవలెనన్న ఇద్దరు పట్టుకొనవలెను. అమ్మువారెవ్వరును చెప్పని, కొలబద్ద పెట్టి కొలువదగిన లక్షణము సీటుఎత్తు. నేను ఇంటనున్న కుర్చీ యెత్తు దారముతో కొలిచి, ఆ దారము సంచిలో వేసికొని తిరిగితిని.

మూడవదాని కొఱకు ఎగువకు, మానియొటోటో మైదానమునకు పోతిమి. లాడర్, వెడర్‌బర్న్ గ్రామములు దాటగానే కొండలు దూరముగా జరిగి, ఆకాశము ఇంతింతయై పెరుగును. ఉత్తరమున హాక్‌డన్ పర్వతపంక్తి కత్తితో కోసినట్లు బల్లపరుపుగా, నెత్తిమీద మంచుతో నిలుచును. నాస్బీ అను గ్రామమున మంచుగచ్చు మీద బరువైన రాళ్లు జార్చు కర్లింగను ఆట ఆడుదురు. అచటివారు శీతమును శత్రువుగా గాక సంసారములో నొక మనిషిగా చూచువారు. బండి యజమానురాలు ఎనుబదియేండ్లది. ఈ దేశమున 75వ యేటను, 80వ యేటను, అటుపిమ్మట రెండేండ్లకొకమాఱును వైద్యుని పత్రముతో లైసెన్సు మార్పించుకొనవలెను. ఆమె కంటిచూపు తగ్గుటచే తానై బండి విడిచినది. "నన్నెవ్వరును మానుమనలేదు" అని రెండుమాఱులు చెప్పినది. ఆ మాట చెప్పునపుడు తాళపుచెవులు చేతిలోనే పట్టుకొనియుండెను.

బండి బూడిదవన్నెది, 2009 నాటిది, పెట్రోలుది. చూపునకు ఏమియు లేదు. తలుపుమీద గొఱ్ఱె తన్నిన సొట్ట. మా పెద్దది నిట్టూర్చినది. కాని 2017లో దిగుమతియైనది గనుక స్టెబిలిటీ కంట్రోలున్నది. నాలుగు చక్రములును ఎల్లవేళల లాగును. ముగ్గురికిని వెనుక భుజపుపట్టీలున్నవి. మనుమల కొఱకు కొక్కెములను ఆమె ఏనాడో వేయించినది. మెకానిక్కు తట్టినచోటనెల్ల గట్టిగా పలికినది. నా దారమునకు సీటు వ్రేలెడు మాత్రమే ఎక్కువ.

ఇంజను మూత యెత్తగా లోపల జపానుభాషలో నొక చీటి అంటించియున్నది. టైమింగు బెల్టు, అనగా ఇంజనులోని కదలికలన్నిటిని తాళము తప్పకుండ నడుపు పట్టీ, ఎప్పుడు మార్చిరో వ్రాసినది. ఆ రకపు బెల్టును సుమారు లక్ష కిలోమీటర్లకు మార్చవలెను. మార్చక తెగినచో ఇంజనే పోవచ్చును. చీటిలో కిలోమీటర్లు 97,400 అని తెలిసినవి గాని సంవత్సరము 28 అని యున్నది. మావారు ముద్రాదోషమేమో యనిరి. జపానువారు చక్రవర్తి పరిపాలనాకాలమును బట్టి యేండ్లు లెక్కింతురని నాకు తెలియును. హెయిసెయి శకము 1989తో మొదలు. కావున 28వ యేడనగా 2016. మన లెక్కకు దుర్ముఖి. ప్రభవాదుల లెక్క చిన్ననాట వ్రేళ్లమీద నేర్చినది ఇంతదూరము వచ్చి పనికివచ్చునని యెవరనుకొందురు! ఆనాటికి బండి 1,86,000 నడచినది. మా బడిదారి రానుపోను దినమునకు 54 కిలోమీటర్లు. బడిదినములు సుమారు 190. ఏడాది తిరుగకమునుపే బెల్టు మార్చవలెనని మావారు లెక్క తేల్చిరి. మెకానిక్కు ఆ ఖర్చు 1,100 డాలర్లన్నాడు. రెండు టైర్లు పాతవి, నాలుగును మార్చవలెను. ఈ లెక్క కాగితముమీద వ్రాసి ఆమె ముందుంచితిని. అడిగిన 8,200 నుండి 7,400కు ఆమె ఒప్పుకొనినది. బేరమాడునపుడు లెక్క చూపుట, బ్రతిమాలుటకంటెను గద్దించుటకంటెను మర్యాద.

డబ్బిచ్చుటకు ముందు రెండు విచారణలు. ఒకటి, బండిమీద తీరని అప్పున్నదేమో ప్రభుత్వపు తాకట్టుల పట్టికలో చూచుట. అప్పున్నచో అప్పులవాడు మన చేతిలోని బండిని పట్టుకొనిపోవచ్చును. రెండు, ఎయిర్‌బ్యాగుల సంగతి. టకాటా కంపెనీ చేసిన కొన్ని సంచులలోని మందు కాలక్రమమున చెడి, పేలినపుడు ఇనుపతునకలు చిమ్ముటచే లోకమున ననేకులు మరణించిరి. 2018 ఏప్రిల్‌లో ఈ దేశపు ప్రభుత్వము అట్టి రకములను తప్పనిసరిగా మార్పింపవలెనని యుత్తరువు చేసినది. బండి సంఖ్యనుబట్టి విచారింపగా మాదానికి పీడ లేదని తేలినది. వర్తకునికడ కొన్నచో చట్టపురక్షణ కొంత కలదు. ఇట్లు ఇంటివారికడ కొన్నవారికి ఆ రక్షణ లేదు. అందుచే ఈ విచారణలు మనమే చేసికొనవలెను.

కొన్నది వైశాఖమున. ఆషాఢము రానే వచ్చినది. కంకరబాట నిశ్శబ్దముగా ఎక్కుచున్నది. శ్రావణమున ఒక గురువారము, చాటో క్రీకునకు ముందరి నీడమలుపున, నెమ్మదిగానే పోవుచుండగా వెనుకభాగము ప్రక్కకు జరుగుట వెన్నునకు తెలిసినది. ఎదుట అద్దములో పసుపుపచ్చని దీపము మినుకుమినుకుమన్నది. చక్రమొకటి గరగరమన్నది. నేను కాలు తేల్చి స్టీరింగును దారివైపే పట్టితిని. బండి తన వరుసలోనికి తాను వచ్చినది. మావారు తలయెత్తి, "ఏమైంది?" అనిరి. "మంచండీ" అంటిని. చేతిలోని ఎఱ్ఱకలము ఒక విద్యార్థి లెక్కమీద పొడుగుగా గీచియుండెను. ఆ పిల్లవానికి మార్కులు తగ్గలేదని పిదప తెలిసినది. వెనుక పిల్లలిద్దరును పోట్లాట ఆపలేదు. పట్టణము చేరువరకు నా చేతులు చల్లబడియే యుండెను.

ఈ బండి విషయమున నాకొక్కటే అసంతృప్తి: పెట్రోలు కొంచెమధికముగా త్రాగును. టైర్ల వ్యయముతో కూడబెట్టినది తీరిపోయినది గనుక, బెల్టు కొఱకు నెలకు నూరు డాలర్లు వేఱుగ తీసి పోపులడబ్బాలో వేయుచున్నాను. రేడియో జపాను అలలకే తగినదగుటచే ఇచటి కేంద్రములు ఒకటిరెండు తప్ప పలుకవు; దానికి పిల్లలు పద్యములు వల్లించుటతో సరిపెట్టుకొంటిమి. బండితో వచ్చిన పుస్తకమంతయు జపానుభాషయే. ప్రతి ఉదయము తాళము త్రిప్పగానే లోపలినుండి ఒక జపాను యువతి కంఠము మిక్కిలి మర్యాదగా ఒక వాక్యము పలుకును. ఆ దేశపు సుంకపుబాటలందు చెల్లింపునకై వాడు కార్డు పెట్టలేదని ఆమె హెచ్చరిక. ఇచట ఆ పెట్టెకు పనిలేదు, ఆమె మానదు. చిన్నవాడు ఆ వాక్యమును తు.చ. తప్పక అప్పజెప్పును.

గత మాసమున అత్తగారు వచ్చిరి. ఎవరి చేయియు పట్టుకొనక ఎక్కి కూర్చుండి, కొంగు సర్దుకొని, ఆ మాట వినిరి.

"ఎవరే ఆ పిల్ల? ఏమంటోంది?"

"కార్డు పెట్టలేదంటోంది, అత్తయ్యా."

"పాపం, అన్నిసార్లు అడుగుతోంది. పెట్టరాదుటే?"